ఆ మాత్రకు, పిల్లలు కలగకపోవడానికి ముడిపెట్టొద్దు

సంపాదకులకు నమస్కారం.

మా మేనకోడలికి పెళ్లై రెండేళ్లయింది. ఎప్పుడో ఒకసారి అత్యవసర గర్భనిరోధక మాత్ర వేసుకుందట. ఇంకా నెల తప్పకపోవడానికి అదే కారణమని ఇంట్లో సాధింపు. పిల్లకి ఒకటే టెన్షన్. నర్సుగా పనిచేసినన్నాళ్లూ ఈ మాట ఎన్నిసార్లు విన్నానో!

ఆ మాత్రలో ఉండేది 1.5 మిల్లీగ్రాముల లెవోనోర్జెస్ట్రెల్ అనే హార్మోన్ మందు. అండం విడుదలను వాయిదా వేస్తుంది, అంతే. కొద్ది రోజుల్లో దాని ప్రభావం పోతుంది. గర్భసంచి పాడవదు. నిజానికి ఆ నెలలోనే మళ్లీ కలిస్తే గర్భం రావచ్చు కూడా. మాత్ర పనిచేయక గర్భం నిలిచినా బిడ్డకు హాని అన్నదానికి ఆధారాల్లేవు. అబార్షన్ మాత్ర వేరు, ఇది వేరు. కలిసిన 72 గంటల్లోపు, ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు. నెలసరి వారం దాటి ఆలస్యమైతే పరీక్ష చేసుకోవాలి.

మన దేశంలో 2005 నుంచి డాక్టరు చీటీ లేకుండానే అమ్ముతున్నారు. అయినా మందుల షాపులో అడిగిన అమ్మాయిని ఎగాదిగా చూడటం మానలేదు. కాగితంలో చుట్టి ఇచ్చేటప్పుడు ఈ రెండు ముక్కలూ చెబితే పోయేదేముంది? మీ ఆరోగ్య పేజీలోనైనా వివరంగా రాయండి.

అన్నట్టు, మా అల్లుడికి ఇంతవరకు ఒక్క పరీక్షా చేయించలేదు.

– ఒక రిటైర్డ్ నర్సు, గుంటూరు