మిత్రదేశాల నిపుణులైనా మాట ఒకటి కాదు

సంపాదకులకు నమస్కారం.

ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పటి నుంచి మన పత్రికల్లో, టీవీ చర్చల్లో 'పాశ్చాత్య నిపుణుల' అభిప్రాయాలు తరచూ వస్తున్నాయి. వాళ్లు ఏ దేశం వాళ్లో చాలాసార్లు చెప్పరు. నాటోలో ఉన్న దేశాలన్నీ ఒకేలా ఆలోచిస్తాయని పాఠకుడు అనుకునే ప్రమాదం ఇక్కడే ఉంది.

జర్మనీ, పోలండ్ ఇరుగుపొరుగు దేశాలు. నాటోలోనూ, యూరోపియన్ యూనియన్‌లోనూ రెండూ ఉన్నాయి. అయినా రష్యా విషయంలో బెర్లిన్ మాటకూ వార్సా మాటకూ ఏళ్ల తరబడి పొంతన కుదరలేదు. బాల్టిక్ సముద్రం అడుగున రష్యా నుంచి నేరుగా జర్మనీకి నార్డ్ స్ట్రీమ్ గ్యాస్ పైప్‌లైన్ వేయాలనుకున్నప్పుడు, అప్పటి పోలండ్ రక్షణ మంత్రి సికోర్‌స్కీ 2006లోనే దాన్ని, పోలండ్‌ను పంచుకోవడానికి దారితీసిన 1939 నాటి హిట్లర్-స్టాలిన్ ఒప్పందంతో పోల్చారు. జర్మనీలో చాలామందికి అది అతిగా అనిపించింది.

2009 జనవరిలో రష్యా, ఉక్రెయిన్ గొడవపడి దాదాపు రెండు వారాలు ఉక్రెయిన్ మీదుగా యూరప్‌కు వెళ్లే గ్యాస్ ఆగిపోయింది. గడ్డకట్టే చలిలో బల్గేరియా, స్లొవేకియా అల్లాడిపోయాయి. మధ్యలో ఉక్రెయిన్ లేకుండా నేరుగా గ్యాస్ వస్తే ఈ బాధ ఉండదని జర్మనీలో ఎక్కువమంది వాదించారు. రష్యా గ్యాస్‌ను ఆయుధంగా వాడుతుందనడానికి ఇదే రుజువని పోలండ్ వాళ్లు అన్నారు. జరిగింది ఒక్కటే, దాన్నుంచి నేర్చుకున్న పాఠాలే పూర్తిగా వేరు.

జర్మన్ల వాదన ఉత్త స్వార్థమని కొట్టిపారేయలేం. ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్నప్పుడు కూడా సోవియట్ గ్యాస్ వాళ్లకు వస్తూనే ఉంది. మాస్కోతో మాటలు, వ్యాపారం సాగించడం వల్లే 1990లో తమ దేశం ప్రశాంతంగా ఏకమైందని వాళ్ల నమ్మకం. పోలండ్‌కున్న జ్ఞాపకాలు వేరు: 1939లో జర్మనీ, సోవియట్ యూనియన్ రెండు వైపుల నుంచీ దాడి చేశాయి, ఆ తర్వాత దశాబ్దాల పాటు మాస్కో పెత్తనం నడిచింది.

యుద్ధం వచ్చేనాటికి జర్మనీ దిగుమతి చేసుకునే గ్యాస్‌లో సగానికి పైగా రష్యాదే. అదే సముద్రం అడుగున వేసిన రెండో పైప్‌లైన్ నార్డ్ స్ట్రీమ్-2ను సమర్థించడం పొరపాటేనని జర్మన్ అధ్యక్షుడు స్టైన్‌మయర్ 2022 ఏప్రిల్‌లో బహిరంగంగా ఒప్పుకున్నారు. అదే నెలలో రష్యా పోలండ్‌కు గ్యాస్ ఆపేసింది. అప్పటికే ఓడల్లో వచ్చే ద్రవ రూప గ్యాస్‌ను దించుకునే ఎల్‌ఎన్‌జీ టెర్మినల్ కట్టుకుని, నార్వే గ్యాస్ కోసం పైప్‌లైన్ వేసుకుంటున్న ఆ దేశం తట్టుకోగలిగింది. అలాగని ప్రతిసారీ వార్సాదే నిజమని నేను అనను. ఆనాడు బెర్లిన్ విశ్లేషణలు మాత్రమే చదివినవాళ్లకు సగం బొమ్మే కనిపించి ఉంటుంది.

రష్యా చమురు మనం కొనాలా వద్దా అని మన దగ్గరా వాదనలు నడుస్తున్నాయి. వాటికి పాఠకులు మీ అంతర్జాతీయ పేజీ మీదే ఆధారపడతారు. అందుకే నా విన్నపం: విదేశీ నిపుణుల అభిప్రాయం వేసినప్పుడు వాళ్ల దేశం, పనిచేసే సంస్థ పేరు తప్పక రాయండి. వీలైనప్పుడు ఆ దేశపు మిత్రదేశంలోనే దాంతో విభేదించే నిపుణుల మాట కూడా పక్కనే ఇవ్వండి.

ఇట్లు,
మీ పాఠకుడు, హనుమకొండ