శనివారం రాత్రి సినిమా: క్రాంక్ హై వోల్టేజ్

అందరికీ నమస్కారం.

ఈ శనివారం రాత్రి 8:30కి క్లబ్‌హౌస్‌లో జేసన్ స్టాథమ్ ‘క్రాంక్: హై వోల్టేజ్’ (2009). గంటన్నర పైచిలుకు, ఇంటర్వెల్ ఇవ్వం. కాఫీలు, బాత్రూమ్ పనులు ముందే కానిచ్చేయండి.

2006లో వచ్చిన మొదటి భాగం చూడనివాళ్లకు: హీరోకి విషం ఎక్కిస్తారు, అడ్రినలిన్ తగ్గితే పోతాడు. చివర్లో హెలికాప్టర్ నుంచి కిందపడతాడు. రెండో భాగం సరిగ్గా అక్కడే మొదలు! ఈసారి గుండెనే కొట్టేస్తారు. బదులుగా పెట్టిన బ్యాటరీ గుండె ఆగకుండా కరెంటు షాకులు తగిలించుకుంటూ లాస్ ఏంజెలెస్ అంతా పరుగు. లాజిక్ అడగొద్దు. కెమెరా పని మాత్రం గమనించండి: మామూలు కానన్ క్యామ్‌కార్డర్లు చేత్తో పట్టుకుని తీశారు, ఆ ఊపు అందుకే.

పిల్లల్ని తేవద్దు. అమెరికాలో ఆర్ రేటింగ్. రక్తం, నగ్నత్వం, బూతులు దండిగా ఉన్నాయి. కుదుపులకు తల తిరిగేవాళ్లకు వెనక వరుస మేలు. మూర్ఛ సమస్య ఉంటే ఇది వదిలేయండి.

ప్రొజెక్టర్ చూసుకునేవాళ్లు 8కల్లా రావాలి. ఓటీటీ యాప్ నుంచి వేస్తే కాపీ రక్షణ వల్ల ఒక్కోసారి మాట వినిపిస్తుంది, బొమ్మ నల్లగా ఉంటుంది. అందుకే డిస్క్ వేస్తున్నాం. ల్యాప్‌టాప్‌లో స్లీప్ ఆపేయండి. సౌండ్ అవుట్‌పుట్ పెద్ద స్పీకర్లకు మార్చండి, లేకపోతే ప్రొజెక్టర్ బుల్లి స్పీకరే గతి.

ఎంతమంది వస్తారో శుక్రవారం సాయంత్రంలోగా ఇక్కడే పెట్టండి. కుర్చీలు 40 మాత్రమే, ఆలస్యమైతే చాపే.