ఫోను వారి చేతిలోనే ఉండాలి, పాఠం వారి మాటలోనే సాగాలి

సంపాదకులకు నమస్కారం.

ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారి చదువు గురించి పత్రికలు రాసినప్పుడల్లా ప్రస్తావన పిల్లల బడుల దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. తెలుగు బడులు నిలవాలన్నది న్యాయమైన కోరికే, అందులో రెండో మాట లేదు. అయితే ఆ పిల్లల తల్లులు, తాతలు ఈనాడు ఫోను చేతపట్టుకుని పడుతున్న అవస్థ ఎవరి దృష్టికీ రావడం లేదు. పర్లాకిమిడిలో మా ఇంటి అరుగు మీద ఏడాదికి పైగా పెద్దలకు ఫోను వాడకం నేర్పుతున్నవాడిగా దాని గురించే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా అరుగు మీద కూర్చునే పదిహేనుమందిలో ఏ ఇద్దరి చదువూ ఒకటి కాదు. డెబ్బై దాటిన ఒక పెద్దాయన ఎనిమిదో తరగతి దాకా తెలుగులో చదివారు. ఒడియా ధారాళంగా మాట్లాడతారు గానీ ఒక్క ఒడియా అక్షరం పోల్చలేరు. ఆయన కోడలి సంగతి సరిగ్గా తలకిందులు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా చదివింది ఒడియా బడిలో కాబట్టి తెలుగు అక్షరాలు ఆమెకు రావు. కొండ దిగి సంతకు వచ్చే సవర గిరిజన అక్క ఒకామె ఇంట్లో సవర, బజారులో తెలుగు, పంచాయతీ ఆఫీసులో ఒడియా మాట్లాడుతుంది, అయితే ఏ లిపీ చదవలేదు. వీరందరి ఫోన్లూ కొన్ననాడు దుకాణంలో పెట్టి ఇచ్చిన ఇంగ్లీషులోనే ఉండిపోయాయి. భాష మార్చుకోవచ్చని చెప్పినవారు లేరు. మొదటి రోజు ఆ పెద్దాయన ఫోనులో భాషను తెలుగుకు మార్చి చేతికిచ్చాను. ఆయన ఒక్కొక్క పేరూ కూడబలుక్కుంటూ 'పరిచయాలు', 'సందేశాలు', 'గడియారం' అని పైకి చదివి, "ఇన్నాళ్లూ ఇది నాదే గానీ నాది కాదు మాస్టారూ" అన్నారు.

నేను మొదట చేసిన తప్పు కూడా చెప్పాలి. కంప్యూటరు అంటే ఏమిటి, ఇంటర్నెట్ అంటే ఏమిటి అని బడిలో చెప్పినట్టే వరుసగా మొదలుపెట్టాను. నాలుగో రోజుకు సగంమంది రావడం మానేశారు. ఇళ్లకు వెళ్లి అడిగితే ఒక్కొక్కరూ ఒక్కొక్క అవసరం చెప్పారు. ఒకరికి సూరత్‌లో ఉన్న కొడుకు ముఖం చూడాలి. ఒకరికి గ్యాసు బుక్ చేయాలి. కూరలమ్మే ఒకామెకు మాత్రం ఒడిశా ప్రభుత్వం మహిళలకిచ్చే సుభద్ర డబ్బు పడిందో లేదో తెలియాలి. ఆ తరువాత నా పాఠం వదిలిపెట్టి, ఎవరి అవసరం వారి పాఠంగా చేసుకున్నాము. 1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో చదువుకోవడానికి కూర్చున్న దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాన్ని మూయించేదాకా వెళ్లారంటే, వారి పాఠం వారి ఇంటి బాధ నుంచి పుట్టినందువల్లనే కదా!

ఆ కూరలమ్మే అక్క సంగతి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. 2024 సెప్టెంబరులో మొదలైన సుభద్ర పథకంలో 21 నుంచి 60 ఏళ్ల మధ్య అర్హులైన మహిళలకు ఏడాదికి 10,000 రూపాయలు రెండు విడతల్లో ఇస్తున్నారు. తనకు ఆ డబ్బు రాలేదని ఆమె నమ్మకం. ఒక సేవా కేంద్రానికి మూడుసార్లు తిరిగింది. వెళ్లిన ప్రతిసారీ యాభై రూపాయలు తీసుకుని, "రాలేదు" అని పంపేశారు. అసలు సంగతి ఏమిటంటే ఆమెకు రెండు బ్యాంకుల్లో ఖాతాలున్నాయి. ప్రభుత్వం ఆధార్ ఆధారంగా పంపే డబ్బు మనం ఏ పాసుపుస్తకం చూపించామన్న దానిని బట్టి రాదు, ఆధార్‌తో చివరగా ఏ ఖాతా ముడిపడిందో అందులోకే వస్తుంది. ఆమె ఎప్పుడూ చూడని రెండో ఖాతాలో ఆ 5,000 రూపాయలూ భద్రంగా ఉన్నాయి. ఈ ఒక్క ముక్క ఆమెకు అర్థమయ్యే మాటలో ముందే చెప్పి ఉంటే 150 రూపాయలు, మూడు రోజుల బేరం పోయేవి కావు.

నేర్పే తీరు గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. పెద్దల వేళ్లు పనిచేసి కాయకట్టిన వేళ్లు. తెర మీద వేలు ఆనించి అట్టే ఉంచేస్తారు, దానితో బొమ్మ కదిలిపోవడమో, తొలగించమంటారా అని అడగడమో జరుగుతుంది. "నొక్కితే డబ్బులెళ్లిపోతాయేటి మాస్టారూ" అని బెదిరి ఫోను నా చేతికి ఇచ్చేసేవారు. బియ్యంలో రాయి ఏరినట్టు వేలి కొసతో తాకి తీసేయమని చెప్పాక ఆ ఇబ్బంది చాలావరకు తీరింది. అన్నిటికన్నా ముఖ్యంగా, నేర్పేవారు ఆ ఫోనును ముట్టకూడదు. ఇంట్లో కొడుకో మనుమడో చేసేది సరిగ్గా ఇందుకు విరుద్ధం. "ఇలా తే అమ్మా" అని లాక్కుని రెండు క్షణాల్లో పని ముగించి ఇచ్చేస్తారు. ఆ తల్లికి పని జరుగుతుంది గానీ నేర్చుకోవడం జరగదు, పైగా తన పిన్ నలుగురికీ తెలిసిపోతుంది.

ఫోనుతో డబ్బు పంపే యూపీఐ నేర్పేటప్పుడు ఒకరికొకరు ఒక్కొక్క రూపాయి పంపుకోమంటాను. రూపాయి వచ్చినవారిని, "పిన్ అడిగిందా?" అంటాను. అడగలేదంటారు. పంపినవారిని అడిగితే అడిగిందంటారు. డబ్బు రావడానికి పిన్ అక్కరలేదు, పోవడానికే కావాలి అన్న సంగతి ఆ రూపాయితో మనసుకు పట్టినట్టు ఏ ప్రకటనతోనూ పట్టదు. "మీకు బహుమతి వచ్చింది, పిన్ కొట్టండి" అని ఎవరు ఫోను చేసినా వీరిప్పుడు మాట్లాడకుండా ఫోను పెట్టేస్తున్నారు. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలన్నది కూడా అందరికీ కంఠతా వచ్చింది. బటన్ ఫోను ఉన్నవారికి కూడా 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు, ఇంటర్నెట్ లేకుండానే డబ్బు పంపుకునే యూపీఐ 123పే తీసుకొచ్చింది. మా వీధిలో దాని పేరు విన్నవారు ఒక్కరూ లేకపోయారు.

ఇంగ్లీషులో వచ్చే బ్యాంకు సందేశాల కోసం ఒక ఉపాయం పట్టాము. నెలవంకలా ఉన్న అక్షరంతో మొదలయ్యే మాట క్రెడిటెడ్, అంటే వచ్చింది. సున్నకు కుడిపక్క కర్ర నిలబెట్టినట్టున్న అక్షరంతో మొదలయ్యేది డెబిటెడ్, అంటే పోయింది. చదువురాని సవర అక్క కూడా ఇప్పుడు ఈ తేడా పోలుస్తున్నది. కానీ ఇది గత్యంతరం లేక పట్టిన ఉపాయం. తన డబ్బు ఉందో పోయిందో తెలుసుకోవడానికి మనిషి చంద్రుడినీ కర్రనూ వెతుక్కోవలసిన అవసరం ఏమిటి? ఆ సందేశం ఖాతాదారు కోరిన భాషలో రావాలి.

ఇక ప్రభుత్వ కార్యక్రమాల సంగతి. 2017లో మొదలై 2024 మార్చితో ముగిసిన ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ ఇంటికి ఒకరికి 20 గంటల శిక్షణ ఇచ్చింది. వయసు మాత్రం 14 నుంచి 60 ఏళ్ల లోపు ఉండాలన్నారు. ఒడిశాలో మధుబాబు పింఛను కింద వృద్ధులకు డబ్బు అందేది 60 ఏళ్లు నిండాకనే. బ్యాంకుతో, వేలిముద్రతో అసలు పని పడే వయసులోనే శిక్షణకు తలుపు మూసేశారు. ఇంటికి ఒకరు అన్నప్పుడు ఆ ఒకరు ఇంట్లో చదువుకున్న కుర్రవాడే అవుతాడు గానీ అమ్మమ్మ కాదు. ఇప్పుడు 2022 నుంచి 2027 వరకు నడుస్తున్న ఉల్లాస్ అనే వయోజన విద్యా కార్యక్రమం 15 ఏళ్లు దాటిన వారందరికీ వర్తిస్తుంది, అందులో చదవడం, రాయడం, లెక్కలతో పాటు డిజిటల్ నైపుణ్యాలు కూడా ఉన్నాయి. ఇది మంచి అవకాశం. కానీ గజపతి, రాయగడ, గంజాం, కొరాపుట్ జిల్లాల తెలుగు పెద్దలకు ఆ పాఠం తెలుగులో అందకపోతే వారి వరకు అది లేనట్టే. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించాలంటున్నది. పెద్దల విషయంలో అలాంటి మాట లేదు కాబట్టి పాలకుల సుముఖత మీదనే ఆధారపడవలసి వస్తున్నది.

సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి గారు తాను ఆ భాష నేర్చుకుని, పాఠాలు తయారుచేసింది ఈ పర్లాకిమిడిలోనే. అదే ఊళ్లో ఈనాడు సవర అక్కకు గానీ తెలుగు తాతకు గానీ తన భాషలో ఫోను పాఠం దొరకకపోవడం నన్ను చాలా బాధపెడుతున్నది.

మేము కోరేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఉల్లాస్ పాఠాలను ఒడిశా అధికారులు ఈ నాలుగు జిల్లాల్లో తెలుగులోనూ, సాధ్యమైన చోట సవరలోనూ అందించాలి. అవతలి ఒడ్డున, ఆంధ్రప్రదేశ్‌లో, వయోజనుల కోసం తెలుగు వాచకాలు ఎప్పటినుంచో ఉన్నాయి. పాతపట్నం నుంచి పర్లాకిమిడికి ఒక మూట పుస్తకాలు పంపడం ఏ రాష్ట్రానికీ భారం కాదు. పింఛను ఇచ్చే రోజున పంచాయతీ దగ్గర ఎలాగూ వృద్ధులు చేరతారు, ఆ రోజునే అరగంట వారికి నేర్పేవారిని కూర్చోబెట్టవచ్చు. మీ పత్రిక కూడా సరిహద్దు పాఠకుల కోసం వారానికొకసారి పెద్ద అక్షరాల్లో, బొమ్మతో, ఒకే ఒక్క పని నేర్పే చిన్న గడిని వేయగలిగితే దానిని కత్తిరించి మా అరుగు గోడకు అంటించుకుంటాము. మొదటి వారం ఫోను భాషను తెలుగుకు మార్చుకోవడం ఎలాగో వేయవలసిందిగా నా విన్నపం.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా