తుక్కు బస్తాలో పెద్దగట్టు ఒగ్గుకథ

సంపాదకుడికి,

నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గరి సందులో ఓ పాత క్యాసెట్ల షాపు ఖాళీ అవుతోంది. పదేళ్లుగా అక్కడ అమ్ముతున్నది ఫోన్ కవర్లు, ఛార్జర్లే. పై అరల్లో క్యాసెట్లు మాత్రం అలాగే ఉండేవి. మొన్న ఛార్జర్ కోసం పోతే వాటిని బస్తాల్లోకి ఎత్తుతున్నారు. తుక్కు వాళ్లకట. ఒకటి చేతిలోకి తీసుకున్నాను. మెల్ట్రాక్ కంపెనీది, 60 నిమిషాలది. అట్ట మీద బాల్‌పెన్నుతో ‘పెద్దగట్టు ఒగ్గుకథ, బి సైడు సగమే’ అని రాసి ఉంది. లోపల రీలు అంచున తెల్లగా బూజు.

ఇలాంటి క్యాసెట్, వీడియో షాపులు ఎట్లా పోయాయంటే అందరూ అమెరికాలో వీడియోలు కిరాయికిచ్చిన బ్లాక్‌బస్టర్ కంపెనీ కథే చెబుతారు. 1985లో డాలస్‌లో ఒక్క షాపు, 2004 నాటికి దాదాపు 9,000 షాపులు, 2010లో దివాలా. ఇప్పుడు ఒరెగాన్ రాష్ట్రంలో బెండ్ అనే ఊళ్లో ఒక్కటి మిగిలింది, జనం ఫొటోలు దిగడానికి పోతున్నారు. 2000లో నెట్‌ఫ్లిక్స్‌ను 5 కోట్ల డాలర్లకు ఇస్తామంటే కొననందుకే మునిగారని అంటారు. మన షాపుల దగ్గరికి ఏ నెట్‌ఫ్లిక్సూ బేరానికి రాలేదు. అయినా అన్నీ పోయాయి.

మొదట్లో టీవీ, వీసీఆర్ రెండూ కిరాయికే. వినాయక చవితికి రాత్రంతా మూడు సినిమాలు. బొమ్మ మీద గీతలు పడితే షాపు పిల్లగాడు వచ్చి కొత్త రెండు రూపాయల నోటుతో హెడ్డు (టేపును చదివే భాగం) తుడిచేవాడు. కేబుల్ రాగానే ఆ గిరాకీ పడిపోయింది. 2007లో సీడీల కంపెనీ మోజర్ బేర్ 28 రూపాయలకే ఒరిజినల్ వీసీడీ అమ్మడం మొదలుపెట్టాక కిరాయికి ఎవరు తెస్తారు? (అంతకుముందు మన షాపుల్లో ఒరిజినల్ ఎన్ని ఉండేవో అందరికీ తెలిసిందే.) ఆ మోజర్ బేర్ కూడా 2018లో లిక్విడేషన్‌కు పోయింది. కోల్‌కతా పార్క్ స్ట్రీట్‌లోని మ్యూజిక్ వరల్డ్ అంతటి పెద్ద పాటల షాపే 2013లో మూతపడింది. మనవాళ్లు కొన్నాళ్లు మెమొరీ కార్డుల్లో పాటలు ఎక్కించి ఇచ్చారు. 2016లో జియో వచ్చాక అదీ అయిపోయింది.

సినిమాల గురించి నాకు బెంగ లేదు. అవి ఎక్కడో ఓ చోట దొరుకుతాయి. కానీ మన షాపుల్లో ఇంకో సరుకు ఉండేది. కథ చెప్పేవాళ్ల ముందు టేప్‌రికార్డర్ పెట్టి రాత్రంతా పట్టిన ఒగ్గుకథలు, బతుకమ్మ పాటలు, భజన బృందాలు, 1997 భువనగిరి సభ తర్వాత ఊరూరా తిరిగిన తెలంగాణ ఉద్యమ పాటలు. షాపాయన నాలుగు కాపీలు తీసి అమ్మేవాడు. వాటికి కంపెనీ లేదు, లేబుల్ లేదు. ఆ పై అర తప్ప వాటికి ఇంకో చోటు లేదు.

టైము కూడా ఎక్కువ లేదు. వీసీఆర్లు చేస్తున్న చివరి కంపెనీ, జపాన్‌కు చెందిన ఫునాయ్, 2016లోనే మానేసింది. 2025 తర్వాత పాత టేపులు వినిపించే యంత్రాలు దొరకడమే కష్టమని యునెస్కో ముందే హెచ్చరించింది.

ఈ పని జిల్లా గ్రంథాలయ సంస్థ తీసుకోవాలి. ఆస్తి పన్నుతో పాటు అందరం గ్రంథాలయ సెస్ కడుతున్నాం. కావలసింది ఒక మంచి క్యాసెట్ డెక్కు, ఒక కంప్యూటర్, టేపుల సంగతి తెలిసిన ఓ పాత రేడియో మెకానిక్. బూజు పట్టిన క్యాసెట్‌ను తుడవకుండా పెడితే హెడ్డుకు అంటుకుని మిగతావాటికీ పాకుతుంది కాబట్టి మెకానిక్ తప్పనిసరి. ‘కాపీరైట్‌తో తలనొప్పి సార్’ అనేవాళ్లు ఉంటారు. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం, లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీ తన దగ్గరున్న ప్రతిని భద్రపరచడానికి డిజిటల్‌లో దాచుకోవచ్చు. ఇంటర్నెట్‌లో పెట్టడం వేరే సంగతి, నేనిప్పుడు అడుగుతున్నది దాచమనే.

షాపాయన్ని బతిమాలితే మూడు బస్తాలు దసరా దాకా పక్కన పెడతానన్నాడు. ఆ తర్వాత ఆ షట్టర్ వేరేవాళ్లకు కిరాయికి పోతుంది.

– ఒక పాఠకుడు, రామగిరి, నల్లగొండ