జార్జ్ ఇన్ నడక: మా కరపత్రంలో దిద్దిన తప్పులు

లండన్ పాత పబ్బుల నడకకు పేరిచ్చిన అందరికీ నమస్కారం. సదర్క్‌లోని జార్జ్ ఇన్ అనే పాత సత్రం, ఇప్పటి పబ్బు గురించి పాత కరపత్రంలో మేం రాసిన రెండు మాటలు తప్పు.

షేక్‌స్పియర్ ఇక్కడి పై అంతస్తు వసారాల కింద నాటకాలు చూశాడని రాశాం. ఆయన పోయింది 1616లో. 1676లో సదర్క్ తగలబడింది, ఇప్పుడున్న కట్టడం 1677లో లేచింది. అంతకుముందు ఇదే చోట ఒక సత్రం ఉండేదన్నది మాత్రం నిజం.

ముంగిలి చుట్టూ వసారాలున్నాయనీ రాశాం. మిగిలింది దక్షిణం వైపు వరస ఒక్కటే. తక్కినవాటిని 1889లో గ్రేట్ నార్తర్న్ రైల్వే గిడ్డంగుల కోసం పడగొట్టింది. మన మండువా లోగిలిలా నాలుగు వైపులా కప్పు దిగుతుందనుకుని వస్తే నిరాశపడతారు. అయినా లండన్‌లో వసారాలతో మిగిలిన గుర్రబ్బండ్ల సత్రం ఇదొక్కటే. 1937 నుంచి పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది.

ఆ వసారాలు సోకుకు కట్టినవి కావు. పై అంతస్తు గదుల తలుపులు వాటిలోకే తెరుచుకునేవి, కాబట్టి లోపల నడవాకు చోటు వృథా కాలేదు. బదులుగా గది దాటితే చలిగాలి, జల్లు.

ఇలాంటి కట్టడాల్లో స్తంభాల పాదాలు చూడండి. కలప నీళ్లు ఎక్కువగా పీల్చేది కోసిన కొసలోంచే, వాన నిలిచేదీ అక్కడే. దానిమీద గాలాడని రంగు పొరలు పొరలుగా పూస్తే తడి బయటికి రాదు. పైకి నున్నగా, లోపల గుల్ల. సిమెంటు పూతదీ ఇదే తంతు, అందుకే సున్నం వాడతారు. మరమ్మతుకు స్తంభం మొత్తం మార్చరు. కుళ్లిన అడుగు కోసేసి, అదే జాతి కలప ముక్కను ఏటవాలు అతుకుతో కలుపుతారు. రంగు వేయని చోట ఆ గీత కనిపిస్తుంది. తట్టి చూడకండి, ఇది గ్రేడ్ వన్ కట్టడం, అంటే చట్టం కాపాడే కట్టడాల్లో పై తరగతి!

లోపలి పాత గోడగడియారాన్ని చూసి, 1797లో సొంత గడియారాలపై పన్ను వేయడం వల్లే పబ్బుల్లో ఇవి పుట్టాయని ఎవరైనా చెబితే నమ్మకండి. ఇలాంటివి అంతకు ముందే ఉండేవి.

పై వసారా ఎక్కించే హామీ ఇవ్వలేం, ఆ మాట కరపత్రంలోంచి తీసేశాం. దానికోసమే డబ్బు కట్టినవారు రాస్తే మొత్తం వెనక్కిస్తాం.