ఆ బీపీ రిజిస్టర్లు తూకానికి పోయాయి, మంత్రిగారూ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి,

నమస్కారం. నేను కమ్యూనిటీ మెడిసిన్ డాక్టర్ని. ఆ పేరు చెబితే మా చుట్టాలకే అర్థం కాదు, అందుకని "బీపీ చూసే డాక్టర్ని" అని చెప్పుకుంటూ ముప్పై ఏళ్లు లాక్కొచ్చాను. వచ్చే జూన్ నెలాఖరుకి రిటైరవుతున్నాను. ఈ ఉత్తరం బదిలీ కోసమో బకాయిల కోసమో కాదు. పోయేముందు ఒక సంగతి మీ చెవిన వేసి పోదామని.

గోదావరి డెల్టాలో ఒక ఊరు. తొంభైల చివర్లో అక్కడ ముప్పై దాటిన వాళ్లందరికీ బీపీ చూశాం. పాదరసం మిషన్ని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు పొట్టకి ఆనించుకుని బస్సెక్కేదాన్ని. మనిషిని అరుగు మీద కూర్చోబెట్టాలి. వీపు గోడకి ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, ఐదు నిమిషాలు మాట్లాడకూడదు. మా గోదావరి వాళ్లతో ఈ ఆఖరిదే కష్టం. తర్వాత రెండుసార్లు చూసి రెండూ రాయాలి. ఒక్కో మనిషికి పావుగంట పట్టేది.

ఒకావిడ కళ్లం నుంచి వచ్చింది. 178/104. ఆగి మళ్లీ చూస్తే 174/102. "ఎండలో నడిచొచ్చాను డాక్టరమ్మా, అంతే. నాకేం తల తిరగట్లేదు" అని నవ్వి, నాకే మజ్జిగ ఇచ్చింది. బిళ్లలు ఒక నెల వేసుకుంది. ఏ నొప్పీ లేని రోగానికి బిళ్లలెందుకని మానేసింది. నాలుగేళ్ల తర్వాత వెళ్తే అదే అరుగు మీద, కుడిచెయ్యి ఒళ్లో పడేసుకుని కూర్చుని ఉంది. పక్షవాతం. ఎడమచేతికి కఫ్, అదే బీపీ మిషన్ పట్టీ, కట్టాను. "ఇప్పుడు వేసుకుంటున్నానమ్మా" అంది, మాట కాస్త ముద్దగా.

రక్తపోటు మీద పరిశోధన అంటే ఇదే మంత్రిగారూ. మిషన్ ఎవరైనా కొనగలరు. మొదటి కొలతకీ రెండో కొలతకీ మధ్య గడిచిన ఆ నాలుగేళ్లను కొనడం ఎవరి తరమూ కాదు.

ఆ ఊరివి పదకొండు లాంగ్ బుక్కులు రాశాం. నన్ను వేరే ఊరికి వేశారు. ఆరేళ్లకి తిరిగొస్తే మా గదికి కొత్తగా సున్నం వేసి ఉంది, బీరువా లేదు. "పాత పేపర్లు కదా మేడం, తూకానికి ఇచ్చేశాం" అన్నాడు అటెండరు. అతన్ని అని లాభం లేదు, పైవాళ్లు ఖాళీ చెయ్యమన్నారు, చేశాడు. రసీదు కూడా ఫైల్లో ఉంది, కిలోల లెక్కన.

అమెరికాలో బోస్టన్ దగ్గర ఫ్రామింగ్‌హామ్ అని ఒక చిన్న పట్టణం ఉంది. 1945 ఏప్రిల్ 12న వాళ్ల అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మెదడులో రక్తనాళం చిట్లి చనిపోయాడు. ఆరోజు ఆయన బీపీ 300/190. ఏళ్ల తరబడి పెరుగుతూ వచ్చిందది. వయసుతోపాటు బీపీ పెరగడం సహజమేనని పెద్ద పెద్ద డాక్టర్లే అనుకునే రోజులవి. ఆయన పోయిన మూడేళ్లకి, 1948లో, ఆ ఫ్రామింగ్‌హామ్‌లో 5,209 మందిని చేర్చుకుని, రెండేళ్లకోసారి పిలిచి చూడడం మొదలుపెట్టారు. బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్ గుండెకి ముప్పు తెస్తాయని ఈరోజు ఆటో డ్రైవర్ కూడా చెబుతున్నాడంటే, అందులో పెద్ద వాటా ఆ ఊరివాళ్లదే. అరవైల చివర్లో అక్కడి ప్రభుత్వమూ ఇక చాలు, ముగించమంది. దాన్ని నడిపించిన థామస్ డాబర్ బోస్టన్ యూనివర్సిటీకి మారి, చందాలు పోగుచేసి నిలబెట్టాడు. ఇప్పుడు మనవల తరం కూడా అందులో ఉంది.

"వాళ్లకి డబ్బుంది లెండి" అంటారని తెలుసు. అందుకే మన ఉప్మా కథ చెబుతాను.

ఉమ్మడి రాష్ట్రంలో, 1987 నుంచి 1990 దాకా, హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్లలో జాతీయ పోషకాహార సంస్థ ఒక అధ్యయనం చేసింది. కొన్ని ఊళ్లలో అంగన్‌వాడీల ద్వారా గర్భిణులకీ చిన్నపిల్లలకీ మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో ఉప్మా చేసి పెట్టారు. మిగతా ఊళ్లకి ఆ పథకం అప్పటికింకా రాలేదు. పిల్లల బరువులు చూశారు, రిపోర్టు రాశారు. మామూలుగా అయితే అక్కడితో సరి. కానీ 2003లో పరిశోధకులు మళ్లీ ఆ ఊళ్లకే వెళ్లి, అప్పటి పిల్లల్ని వెతికి పట్టుకున్నారు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లు, 1,165 మంది దొరికారు. ఉప్మా పెట్టిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువున్నారు. ఇన్సులిన్ వాళ్ల ఒంట్లో బాగా పనిచేస్తోంది. రక్తనాళాల బిరుసు తక్కువగా ఉంది. బీపీలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు, ఆ మాటా దాచకుండా రాశారు. తల్లి కడుపులో ఉన్నప్పుడు దొరికిన ఒక ప్లేటు ఉప్మా, పదిహేనేళ్ల తర్వాత రక్తనాళంలో కనబడడమంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఆనాటి కాగితాలు ఎవరూ తూకానికి వెయ్యలేదు కాబట్టే అది కనబడింది.

ఇప్పుడు మనం చేస్తున్నదేమిటి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పదిహేనేళ్లు దాటిన ఆడవాళ్లలో రమారమి నలుగురిలో ఒకరికి బీపీ ఉంది, మగవాళ్లలో ఇంకాస్త ఎక్కువే. ఎంతమందికన్నది తెలిసింది. వాళ్లకి తర్వాత ఏమైందన్నది ఎవరు చెబుతారు? ఊళ్లలో తిరిగే నర్సమ్మలు, ఏఎన్ఎంలు, ట్యాబ్‌లో ఎక్కిస్తున్నారు కదా అంటారు. నేను ఆ ట్యాబ్‌లు చూశాను. 120/80, 130/80, మళ్లీ 120/80. అన్నీ చూడకుండా వేసిన గుండు అంకెలే. మధ్యలో ఎక్కడైనా 137/86 కనబడితే, అబ్బ, ఎవరో నిజంగా కఫ్ కట్టి చూశారని సంబరపడతాను. ఆ అమ్మాయిల తప్పు కాదిది. రోజుకిన్ని ఎంట్రీలని టార్గెట్ పెట్టి, ఐదు నిమిషాలు కూర్చోబెట్టి చూడమంటే ఎవరికి కుదురుతుంది?

ఇక పరిశోధన అనే ఉద్యోగం సంగతి. ఉస్మానియాలో చదివి, ఎయిమ్స్‌లో గుండె జబ్బుల విభాగాధిపతి అయి, ఆ పదవి వదిలి 2006లో ప్రజారోగ్యం కోసం మొదలైన పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియాకి వెళ్లిన డాక్టర్ కె. శ్రీనాథ్ రెడ్డిగారి గురించి మా పీజీలకి చెబుతుంటాను. వింటారు, చప్పట్లు కొడతారు. తర్వాత ఒకడు నెమ్మదిగా అడుగుతాడు: "ఇందులో పర్మనెంట్ పోస్టులున్నాయా మేడం?" లేవు. ప్రాజెక్టు మూడేళ్లు. మొదటి ఏడాది అనుమతులకి, ఆఖరి ఏడాది లెక్కలు అప్పగించడానికి సరిపోతుంది. నా దగ్గర పనిచేసిన ఫీల్డ్ అమ్మాయికి ఏ ఇంటి కుక్క కరుస్తుందో, ఏ ఇంట్లో మందులు వేసుకుంటున్నామని అబద్ధం చెబుతారో తెలుసు. ప్రాజెక్టు అయిపోయిన మర్నాడు చీరల షాపులో చేరింది. ఆ అమ్మాయికి తెలిసింది ఏ జర్నల్లోనూ లేదు.

నేనడిగేది పెద్ద కోరిక కాదు. ప్రతి మెడికల్ కాలేజీకీ ఒక గ్రామీణ ఆరోగ్య శిక్షణ కేంద్రం ఎలాగూ ఉంటుంది. పైగా కొన్నేళ్లుగా ఎంబీబీఎస్ పిల్లలు తలా కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుంటున్నారు. వెళ్తున్నారు, బీపీ చూస్తున్నారు, లాగ్‌బుక్‌లో రాస్తున్నారు, నేను సంతకం పెడుతున్నాను. పరీక్షలయ్యాక ఆ లాగ్‌బుక్ హాస్టల్ అటక మీదకి పోతోంది. బ్యాచ్ మారినా అవే కుటుంబాలను తర్వాతి బ్యాచ్‌కి అప్పగించమని ఒక జీవో ఇవ్వండి. వాళ్ల అనుమతి తీసుకుని, ప్రతి కొలతా ఒకేచోట భద్రపరచమనండి. కేంద్రానికి ఇద్దరు ఫీల్డ్ మనుషుల్ని పర్మనెంటుగా వెయ్యండి. వాళ్ల ముఖం చూసే ఊరు తలుపు తీస్తుంది.

ఎవరైనా పోతే ఆ ఇంటికి వెళ్లి ఎలా పోయారో అడిగి రాయడం కూడా వాళ్ల పనే కావాలి. ఇది మనకు కొత్త కాదు. ఉభయ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్లలో, 2004 అక్టోబరుతో ముగిసిన ఏడాదిలో, ఆరోగ్య కార్యకర్తలు అలాగే ఇల్లిల్లూ తిరిగారు. 1,354 చావులు లెక్కకొచ్చాయి. వాటిలో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే. పల్లెటూళ్లలో జ్వరాలూ విరేచనాలతో పోతారనుకునే వాళ్లందరినీ ఉలిక్కిపడేలా చేసిన లెక్క అది.

నా పదకొండు పుస్తకాల్లో ఒకటి మిగిలింది. ఎప్పుడో కూడికలు వేసుకోవడానికి ఇంటికి తెచ్చుకుని మర్చిపోయాను. నాలుగో నంబరు, రెండు వందల పైచిలుకు పేర్లు. మజ్జిగ ఇచ్చినావిడ పేరు కూడా అందులోనే ఉంది. పోయిన వేసవిలో సెలవు పెట్టి ఆ ఊరు వెళ్లాను. ఉన్నవాళ్లకి మళ్లీ బీపీ చూసి, అదే పేజీలో ఎర్రసిరాతో పక్కన రాశాను. ఈ పుస్తకం ఎవరికి అప్పగించాలో, రసీదు ఎవరిస్తారో మీ ఆఫీసు నుంచి ఒక్క ముక్క రాయించండి. జూన్ దాటితే నా గది తాళంచెవి నా దగ్గర ఉండదు.

భవదీయురాలు,
కోస్తా జిల్లాలోని ఒక మెడికల్ కాలేజీ ప్రొఫెసర్