నాటకాలు, కథల సభల జమా ఖర్చులు: ఆడని నాటకం ఖర్చుతో సహా

అందరికీ నమస్కారం. లెక్కలు ఆలస్యమయ్యాయి, "డబ్బులు ఏం చేశారు" అని అడిగినవాళ్ళకి అడిగే హక్కుంది, ఆలస్యానికి కారణం కూడా ఉంది, కింద చెప్తాం. ఎవరు ఎంత ఇచ్చారో బయటపెట్టకూడదని మొదట్లోనే అనుకున్నాం కాబట్టి మొత్తాన్ని వంద అనుకుని వంతుల్లో రాస్తున్నాం. అసలు అంకెలు రశీదులతో సహా పుస్తకంలో ఉన్నాయి.

జమ: చందాలు 71, సభల దగ్గర పెట్టిన డబ్బాలో పడినవి 17, పోయిన ఏటి నిల్వ 12. ఇచ్చిన ప్రతి ఒక్కరికీ దండం. అందరి ముందూ మైకులో మాటిచ్చిన చందాల్లో నాలుగో వంతు ఇంకా రాలేదు, మూడేసి సార్లు ఫోన్ చేశాం, మళ్ళీ చెయ్యాలంటే మాకే మొహమాటంగా ఉంది.

ఖర్చు: హాలు, మైకు, కుర్చీలు 22. నటులకి 17. ప్రయాణాలు 9. పేపర్లు, ప్రింటింగ్ 4. సూత్రధారుల ట్రైనింగ్ 14. ఆడని నాటకానికి 24.

మధ్యలో నిలబడి మాట్లాడే మనిషికి ట్రైనింగ్ ఎందుకన్నారు. మనం ఆడేది ఫోరమ్ థియేటర్. కథ ఒకసారి చెడుగా ముగుస్తుంది, మళ్ళీ మొదలుపెడతారు, ఈసారి చూసేవాళ్ళలో ఎవరైనా "ఆగండి" అని లేచి ఆ పాత్రలోకి వెళ్ళి వేరేలా చేసి చూపించొచ్చు. బ్రెజిల్ దర్శకుడు ఆగస్టో బోల్ 1973లో పెరూలో పనిచేస్తున్నప్పుడు నాటకం చూస్తున్న ఒకావిడ సలహా చెప్పింది, నటులు ఎన్నిసార్లు చేసినా ఆవిడకి నచ్చలేదు, చివరికి తనే స్టేజీ ఎక్కి చేసి చూపించింది, ఈ పద్ధతి అక్కణ్ణుంచి వచ్చిందే. ఇందులో సూత్రధారి తీర్పు చెప్పకూడదు, "నిజంగా ఇలా కుదురుతుందా?" అని హాలునే అడగాలి, గొంతు పెద్దదున్నవాడు మిగతావాళ్ళని మింగేయకుండా చూడాలి. అది చూసి నేర్చుకునే పని కాదండీ.

ఇప్పుడు అందరూ అడుగుతున్న 24. ఆడని నాటకానికి 24 ఎందుకయ్యిందని. విడగొడితే రిహార్సల్స్ 11, పోయిన హాలు అడ్వాన్సు 5, నాటకం మళ్ళీ కట్టడానికి 8.

కథల సభలో ఒకావిడ తన ఇంటి విషయం చెప్పింది. నాటకం చేసుకోండి అని తనే ఒప్పుకుంది, పేరు మార్చాం, ఊరు మార్చాం. ఆఖరి రిహార్సల్‌కి వచ్చి వెనక కుర్చీలో కూర్చుంది. ఒక సీన్లో నటి ఒక వస్తువు తీసి టేబుల్ మీద పెడుతుంది (ఆ వస్తువేంటో ఇక్కడ రాయం), అది చూడగానే ఆవిడ లేచి నిలబడింది. "ఇది చూస్తే మావాళ్ళకి తెలిసిపోతుంది" అంది అంతే, ఇంకేం అనలేదు. సభకి రెండు రోజులే ఉంది.

ఒప్పుకుంది కదా, ఆడేయాల్సింది అన్నారు కొందరు. కమిటీలోనే ఇద్దరు అన్నారు, వాళ్ళ అభ్యంతరం మినిట్స్ పుస్తకంలో ఉంది. కానీ ఒక్కసారి ఆలోచించండి, మామూలు నాటకమైతే చూసి ఇంటికెళ్ళిపోతారు, ఇక్కడ ఆవిడ హాల్లో కూర్చునుండగా తెలిసినవాళ్ళే లేచి ఆవిడ పాత్రలోకెళ్ళి "నేనైతే ఇలా చేసేదాన్ని" అని అందరి ముందూ చేసి చూపిస్తారు. సభలో నలుగురి మధ్య నోరు విప్పిన మనిషికి మనం చెయ్యాల్సింది అదా? మేం ఆ నాటకం ఆపేశాం. మళ్ళీ ఆ పరిస్థితి వస్తే మళ్ళీ ఆపుతాం.

ప్లేబ్యాక్ థియేటర్ చేస్తే రిహార్సల్ ఖర్చే ఉండేది కాదుగా అని ఒకాయన రాశారు. నిజమే, 1975లో జొనాథన్ ఫాక్స్, జో సాలస్ అమెరికాలో మొదలుపెట్టిన పద్ధతి, ఎవరో కథ చెప్తే నటులు అక్కడికక్కడే ఆడి చూపిస్తారు. కానీ అందులో చెప్పిన మనిషి స్టేజీ పక్కనే అందరికీ కనిపిస్తూ కూర్చుంటారు, ఈవిడ భయమే అది.

ఆ 8 దేనికంటే, అలాంటి ఇబ్బందే పడిన ముగ్గురి మాటలు కలిపి కొత్త కథ కట్టాం, ముగ్గురూ చూసి సరే అన్నాకే ఆడాం. ఆ రోజు ఏడుగురు "ఆగండి" అన్నారు. సభంతా చేతులు కట్టుకుని కూర్చున్న ఒక పెద్దాయన లేచి కొడుకు పాత్రలోకెళ్ళి, రెండు మాటలు అని, మూడో మాట రాక అలాగే నిలబడిపోయారు. హాల్లో చడీ చప్పుడూ లేదు, తర్వాత మాట్లాడుకోవడం గంటన్నర సాగింది.

హాలు అడ్వాన్సు తిరిగిమ్మని రెండుసార్లు అడిగాం, ఇవ్వలేదు. ఆ 5 మాత్రం మా తప్పే, రిహార్సల్ ఆవిడకి ముందే చూపించి అప్పుడు హాలు తీసుకోవాల్సింది, ఇకమీదట అలాగే చేస్తాం. ఆవిడ ఆ ఖర్చంతా తనే కడతానంది, మేం తీసుకోలేదు, దయచేసి ఆవిడెవరో కనుక్కునే ప్రయత్నం ఎవరూ చెయ్యొద్దు. ఈ నాలుగు ముక్కలు రాయడానికి కూడా ఆవిడ అనుమతి కోసం ఆగాం, లెక్కల ఆలస్యం అందుకే.

నిల్వ 10. బాకీ చందాలు వస్తే ఇంకో రెండు సభలు చెయ్యొచ్చు, రాకపోతే ఒక్కటే. పుస్తకం కోశాధికారి దగ్గరుంది, ఎవరైనా వచ్చి చూడొచ్చు. ఒక వోచర్ మీద పేరు నల్ల ఇంకుతో కొట్టేసి ఉంటుంది, అది మేమే కొట్టేశాం.